ముక్కోపి నవ్వు

రెండో భాగంలో నన్ను చంపేశారన్న సంగతి నాకు టైలరు చెప్పాడు.

చెప్పాలని చెప్పలేదు పాపం. మెడ కొలిచాడు, భుజాలు కొలిచాడు, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "నడుము కొలవ్వా?" అన్నాను. ఆ నడుము కోసమే కదా ఇన్నాళ్ళూ పొద్దున్నే లేచి, వీధికుక్కలతో పోటీపడి నడిచింది! "ఫోటోలో భుజాల దాకే కనిపిస్తుంది కదమ్మా" అన్నాడు. "ఏ ఫోటో?" అన్నాను. నాలుక కరుచుకున్నాడు. పక్కన బొత్తాలు ఏరుతున్న ఆవిడ వైపు దిక్కులేనట్టు చూశాడు. ఆవిడ డబ్బాలో తల దూర్చేసింది. "గోడ మీద ఫోటో అమ్మా... మీరు పోయాక..." అని నసిగాడు.

నేను పోయాకట! ఆ మాట విన్నప్పుడు నా చేతిలో టీ కప్పు ఉంది. టైలరు అదృష్టం బాగుండి అది ఖాళీ కప్పు.

నన్ను సొంత పేరుతో పిలిచేది ఇప్పుడు మా అక్క ఒక్కతే. కూరగాయల కొట్లో, ఆసుపత్రిలో, ఆటో ఎక్కినా, బ్యాంకుకి వెళ్ళినా నేను ముక్కోపినే. మొదటి సినిమాలో హీరో నన్ను అలా పిలుస్తాడు. అందులో నేను ఇస్త్రీ దుకాణం నడిపే పిల్లని. మొదటి సీన్లోనే అతని చొక్కా కాల్చేస్తాను. క్షమాపణ చెప్పను. అతను ప్రేమలో పడతాడు. అదీ కథ. రోజుకో చొక్కా తెచ్చి గల్లా బల్ల మీద పెట్టి, "ఒక్కసారి నవ్వొచ్చుగా ముక్కోపీ" అంటాడు. సినిమా మొత్తంలో నేను నవ్వను. చివరి షాట్లో కెమెరా నా ముఖం మీదికి వస్తుంది, ఇంకా వస్తుంది, జనం కుర్చీ అంచుల మీదికి జరుగుతారు, ఇప్పుడు నవ్వుతుంది ఇప్పుడు నవ్వుతుంది అనుకుంటారు. నేను ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుని "రేపు రా" అంటాను. సినిమా అయిపోతుంది.

జనం వెర్రెత్తిపోయారు. చూసినవాళ్ళే మళ్ళీ మళ్ళీ చూశారు, ఈసారైనా నవ్వుతుందేమో అన్నట్టు. హీరోయిన్ని నవ్వనివ్వకుండా ఆపడం ఆ సినిమా తీసిన పెద్దడైరెక్టరుగారి గొప్పతనమని పత్రికలన్నీ రాశాయి. ఆయన పోయినప్పుడు టీవీలో మాట్లాడినవాళ్ళందరూ అదే చెప్పారు. నేనూ అక్కడే ఉన్నాను, ఏమీ అనలేదు.

ఆ తర్వాత హీరో హీరోగానే ఉండిపోయాడు. అతని పక్కన హీరోయిన్లు మారారు, అతనికి జుట్టు రంగు మారింది, అంతే. నేను అక్కనయ్యాను, వదిననయ్యాను, సీరియల్లో కోడళ్ళని సతాయించే అత్తగారినయ్యాను. అలాంటి సమయంలో ఫోన్ వచ్చింది. "పిన్నీ, రెండో భాగం తీస్తున్నాను. నువ్వు లేకుండా సినిమా లేదు." పెద్దడైరెక్టరుగారి కొడుకు. మొదటి సినిమా తీస్తున్నప్పుడు వీడికి నడక కూడా రాదు. షాట్లకీ షాట్లకీ మధ్య నా చంకలోనే ఉండేవాడు. నా మేకప్ చెడగొట్టినందుకు నేను తిట్టని ఏకైక ప్రాణి వీడు.

అబద్ధం చెప్పలేదు వెధవ. లేకుండా పోవాలన్నా ముందు నేను ఉండాలిగా! నేనేమో ఎగిరి గంతేసి సీరియల్ మానేశాను. వాళ్ళు అత్తగారికి ప్రమాదం జరిగి ముఖం మారిందని చెప్పి వేరే ఆవిడని పెట్టేసుకున్నారు. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు.

టైలరు గది నుంచి తిన్నగా వాడి ఆఫీసుకి వెళ్ళాను. తలుపు కొట్టలేదు.

"ఎందుకురా చంపావు నన్ను?"

గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒక్కసారిగా బయట పనులు గుర్తొచ్చాయి. చిన్నడైరెక్టరు మాత్రం కదలడానికి లేక కుర్చీలో ఉండిపోయాడు.

"చంపడమేంటి పిన్నీ, అలా మాట్లాడతావు? కథ అలా వచ్చింది."

"కథ దానంతటది నడిచొచ్చి నా పీక నొక్కిందా?"

"ముందు కూర్చో. విన్నాక తిట్టు."

విన్నాను. భార్య పోయింది. హీరో ఇస్త్రీ దుకాణం మూసేసి, ఎవరితోనూ మాట్లాడకుండా బతుకుతుంటాడు. ఎదుటి మేడ మీదికి వయొలిన్ నేర్పే అమ్మాయి అద్దెకి వస్తుంది. అతని మనసు మళ్ళీ కదులుతుంది. కానీ తప్పు చేస్తున్నానేమోనని బాధ. ఒకరోజు భార్య ఫోటో ముందు నిలబడి, "నేను మళ్ళీ ప్రేమించొచ్చా?" అని అడుగుతాడు. కెమెరా ఫోటో మీదికి వెళ్తుంది. ఫోటోలో ముక్కోపి ఎప్పట్లాగే చిటపటలాడుతూ ఉంటుంది. చూస్తూ ఉండగానే పెదాలు కదులుతాయి. నవ్వుతుంది.

చెప్తూ చెప్తూ వాడికే కళ్ళు తడిశాయి. "జనం ఏడ్చేస్తారు పిన్నీ. ఇన్నేళ్ళు ఎదురుచూసిన నవ్వు!"

"అంటే, బతికున్నన్నాళ్ళూ నవ్వనిదాన్ని, మొగుడు ఇంకో పిల్లని తెచ్చుకుంటానంటే నవ్వానా?"

"అది త్యాగం."

"త్యాగాలు చేసే మొహమైతే ముక్కోపి అని ఎందుకు పేరు పెట్టార్రా?"

"ఆ నవ్వే ఈ సినిమాకి గుండెకాయ పిన్నీ. అర్థం చేసుకో."

"గుండెకాయ నాది, కొట్టుకునేది వాడి కోసమా? ఇంతకీ ఆ వయొలిన్ పిల్లకి ఎన్నేళ్ళు?"

"పాతిక... ఉంటాయేమో."

"వాడికి మోకాళ్ళ నొప్పులు, తెలుసా నీకు? మేడ మెట్ల సీన్లు పెట్టకు."

వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు నిజంగానే ఒళ్ళు మండిపోతోంది. చావుకి కాదు. కథల్లో ఎన్నిసార్లు చావలేదు! ఒకసారి జ్వరంతో పోయాను, ఒకసారి ఓడ మునిగి పోయాను. కానీ నా ముఖం పెట్టి, నా నోటితో, నేను చచ్చినా అననిది అనిపిస్తారట. ఎవరికీ ఇవ్వని నవ్వు తీసుకెళ్ళి హీరోకి పర్మిషన్ చీటీలా రాసివ్వాలట.

"నేను నవ్వను" అన్నాను.

అప్పుడు వాడు అసలు సంగతి చెప్పాడు. పాత సినిమాలోంచి నా నవ్వు ఒకటి తీసి అతికిద్దామనుకున్నారట. మొత్తం గాలించారు. సినిమాలో లేదు, పోస్టర్లలో లేదు, షూటింగు ఫోటోల్లో కూడా లేదు. ఒక్కచోట పళ్ళు కనిపించాయి కానీ అది నేను పిన్నీసు పళ్ళతో పట్టుకున్న ఫోటో. నవ్వు మీద కథంతా అల్లుకున్నాక, నవ్వే లేదని తెలిసింది మహానుభావులకి! నిర్మాత కంప్యూటర్లో పుట్టిద్దామన్నాడు. పుట్టించారు కూడా. వాడు నాకు చూపించాడు. ఆ నవ్వుతో నేను పళ్ళపొడి అమ్ముతున్నట్టున్నాను.

"అందుకే పిన్నీ, నీ నవ్వు కావాలి. ఒక్కటి."

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. మా అక్క బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. దేనికీ ఆవేశపడదు. కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతూ అంతా విన్నది.

"మానేస్తాను" అన్నాను.

"మానెయ్. నీలాంటి ముక్కున్న ఇంకొకత్తిని వెతికి, నీ మేకప్ వేసి కూర్చోబెడతారు. అది హాయిగా నవ్వుతుంది. నువ్వు ఈ సోఫాలో కూర్చుని నా బుర్ర తింటావు."

"మరి ఏం చెయ్యమంటావే?"

"వెళ్ళు. వాళ్ళ కళ్ళెదురుగా కూర్చుని నవ్వకు."

ఫోటో తీసే రోజు అక్క కూడా వచ్చింది. తెల్లటి తెర ముందు స్టూలు వేసి కూర్చోబెట్టారు. "ప్రశాంతంగా, దేవతలా నవ్వండి మేడమ్" అన్నాడు ఫోటోగ్రాఫరు. "దేవతని పిలిపించుకో నాయనా" అన్నాను. జోకులు చెప్పారు. లైట్లు పట్టుకున్నవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు, లైట్లు ఊగాయి. చిన్నడైరెక్టరు తన చిన్నప్పటి ఆగడాలన్నీ ఏకరువు పెట్టాడు. వాటిలో కొన్నిటికి నిజంగానే నవ్వొచ్చింది. బుగ్గ లోపల కొరుక్కుని కూర్చున్నాను. చివరికి వాడే విసిగిపోయి, "ముందు మామూలు ఫోటో తియ్యండి, నవ్వు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఎలా తీసినా ఫోటోలో నేను ఎవరో బాకీ ఎగ్గొట్టి పారిపోతుంటే చూస్తున్నట్టున్నాను.

కొన్నాళ్ళు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఇంకో ముక్కు దొరికిందేమో అనుకున్నాను. అంతలో ఫోన్ వచ్చింది.

"పిన్నీ, నవ్వు గొడవ వద్దు. ఇది వేరే. హీరోగారికి ఏడుపు రావట్లేదు. నువ్వొచ్చి నిలబడాలి."

ఇది నాకు అర్థమైంది. మా పనిలో ఇదొక అలవాటు. ఒకరి ముఖం మీద క్లోజప్ తీస్తున్నప్పుడు, ఎదుటి మనిషి కనిపించకపోయినా సరే, కెమెరా పక్కన నిలబడాలి. శూన్యంలోకి చూసి ఏడవడం అందరి వల్లా కాదు. మా హీరో వల్ల అసలు కాదు. మొదటి సినిమాలో అతని ప్రతి కన్నీటి చుక్కకీ నేను కెమెరా పక్కన నిలబడ్డాను. కాళ్ళు పీక్కుపోయేవి. ఇప్పుడు ఫోటో వైపు చూసి ఏడవమంటే అతనికి ఆవలింతలు వస్తున్నాయట. వెళ్ళాను. తోటి ఆర్టిస్టు పిలిస్తే వెళ్ళకపోవడం నాకు చేతకాదు.

సెట్లో ఇల్లు వేశారు. మూడు గోడల హాలు, పాత సోఫా, కిటికీ అవతల రంగువేసిన ఆకాశం. గోడకి నా ఫోటో, తలుపంత పెద్దది. కొత్తమ్మాయి ఓ మూల వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. హీరో మోకాళ్ళకి ఏదో నూనె రాయించుకుంటున్నాడు. నన్ను చూడగానే అతని ముఖం వెలిగింది.

"వచ్చావా తల్లీ! ఆ ఫోటో నన్ను చూస్తుంటే ఏడుపు కాదు, భయం వేస్తోంది."

"భయపడు. తప్పు లేదు" అన్నాను.

ఫోటో ఉన్న గోడ వైపే కెమెరా పెట్టి, దాని పక్కన నేల మీద టేపుతో ఒక గుర్తు వేశారు. అక్కడ నిలబడ్డాను. లైట్లు వెలిగాయి. హీరో ఫోటో దగ్గరికి నడిచొచ్చాడు. కళ్ళు మాత్రం నా మీద నిలిపాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. అతను మంచి నటుడు. ముందు ఊరికే చూశాడు. ఇద్దరం కుర్రవాళ్ళుగా ఉన్నప్పటి రోజులన్నీ నా కళ్ళముందు తిరిగాయి. తర్వాత, కాగితంలో లేని మాట అన్నాడు. "ఒక్కసారి నవ్వొచ్చుగా ముక్కోపీ."

ఆ మాట జనం నోట విని విని అరిగిపోయింది అనుకున్నాను. అతని నోట వింటే వేరేగా ఉంది. నా పెదాలు వదులయ్యాయి. నిజం, నవ్వబోయాను. అంతలో కిటికీ తెర పక్కన ఏదో మెరిసింది. చూశాను. ఇంకో కెమెరా. అది హీరోని చూడట్లేదు. నన్ను చూస్తోంది. దాని ఎర్ర దీపం వెలుగుతోంది.

నేను చంకలో ఎత్తుకుని తిప్పినవాడు నా నవ్వు దొంగిలిద్దామని మాటు వేశాడు! హీరో చేత ఆ మాట అనిపించింది కూడా వాడే. హీరోకి కెమెరా సంగతి తెలియదు. అది అతని ముఖంలోనే కనిపిస్తోంది.

హీరో అడిగేశాడు. "నేను మళ్ళీ ప్రేమించొచ్చా?"

గుర్తు దాటి ముందుకు నడిచాను. తిన్నగా ఫ్రేములోకి. ఎవరో గుసగుసగా "మేడమ్, మేడమ్" అన్నారు. వెళ్ళి హీరోకీ ఫోటోకీ మధ్య నిలబడ్డాను.

"నన్నెందుకు అడుగుతున్నావు?"

అతను బిత్తరపోయాడు. కానీ కళ్ళు తిప్పలేదు. ఎన్నో ఏళ్ళ అనుభవం కదా, సీను వదల్లేదు.

"నువ్వే కదా... నా..."

"నేను పోయానన్నావుగా? పోయినదాన్ని అడగడమెందుకు? ప్రేమిస్తావో మానుకుంటావో నీ ఇష్టం. వెళ్ళు, పాపం కాదు. కానీ నేను నవ్వుతూ సాగనంపాలా? నీ మనసుకి హాయిగా ఉండటానికి నా మొహం కావాలా? చొక్కా కాలిస్తేనే క్షమాపణ చెప్పనిదాన్ని. ఇల్లు కాలుతుంటే నవ్వమంటావా?"

"ఒప్పుకోవా?" అన్నాడు, చిన్నగా.

"ఒప్పుకోను. కోపం వస్తోంది నాకు. కోపంగానే ఉంటాను. ఏం చేస్తావో చెయ్యి."

అతని ముఖం ముడతలు పడింది. నవ్వుతున్నాడేమో అనుకున్నాను. కాదు. పొద్దుట్నుంచీ రాని కన్నీళ్ళు జలజలా కారిపోయాయి.

"నువ్వు తిట్టి ఎన్నాళ్ళయిందే" అన్నాడు.

కట్ చెప్పాల్సినవాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చివరికి కెమెరామనే, "ఇంకా తియ్యనా సార్?" అని అడిగాడు.

"కట్, కట్" అన్నాడు చిన్నడైరెక్టరు. నా దగ్గరికి వచ్చాడు. అందరిముందూ అరవలేక, పళ్ళ బిగువున మాట్లాడాడు. "ఏంటి పిన్నీ ఇది? పోయినావిడ వచ్చి పోట్లాడుతుందా? ఇది ఎక్కడ పెట్టుకోను నేను?"

"ఆ కిటికీ తెర పక్కన పెట్టుకో. కెమెరా పెట్టావుగా."

వాడి ముఖం పాలిపోయింది. హీరో అటు చూసి, విషయం అర్థమై, "ఛీ, నాకు చెప్పలేదేంట్రా?" అన్నాడు. మూలనుంచి కొత్తమ్మాయి లేచి వచ్చింది. ఈ పిల్ల ఇంతవరకూ నోరు విప్పగా నేను వినలేదు.

"సార్, ఒక డౌటు. మూడో భాగంలో ఆ మేకుకి నా ఫోటోనా?"

లైట్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల జోకు వెయ్యలేదు, జవాబు కోసం నిలబడింది. చిన్నడైరెక్టరు వాచీ చూసుకున్నాడు. "టీ బ్రేక్" అని కేక పెట్టాడు.

అందరూ బయటికి వెళ్ళాక వాడు సెట్టు సోఫాలో కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను. కోపం ఇంకా చల్లారలేదు, కానీ వాడి మెడ వంగిపోయి ఉంటే చూడలేకపోయాను.

"నాన్న గొప్పతనమంతా ఆ నవ్వే కదా పిన్నీ. ఆయన దాచిపెట్టింది నేను బయటికి తెద్దామనుకున్నాను. కొడుకుగా నాకు ఇంకేముంది?"

అప్పుడు చెప్పాను. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

"మీ నాన్న దాచిపెట్టలేదురా. చివరి షాట్లో నవ్వుతుందనే రాశాడు. నవ్వమన్నాడు. నేనే నవ్వలేదు."

వాడు తలెత్తాడు.

"సినిమా పొడుగునా హీరో నవ్వు నవ్వు అని నా వెంటపడ్డాడు. చివర్లో నవ్వానంటే అతను గెలిచాడు, నేను లొంగాను. నాకు అతనంటే ఇష్టమే. లొంగడం ఇష్టం లేదు. అదే మీ నాన్నతో చెప్పాను. వినలేదు. టేకు మీద టేకు తీశాడు. బతిమాలాడు, తిట్టాడు, కాళ్ళమీద పడ్డంత పని చేశాడు. నేను ప్రతిసారీ ఇస్త్రీపెట్టె అందుకుని 'రేపు రా' అన్నాను. ఆ మాట కూడా నాదే, ఆయన రాసింది కాదు."

"చివరికి ఒప్పుకున్నారా?"

"ఎక్కడ! ఫిల్ము అయిపోయింది."

వాడిదంతా తండ్రి పోలికే, ఓడిపోయినప్పుడు ముక్కు పుటాలు అదురుతాయి. మొండిగా అన్నాడు, "ఇప్పుడు ఫిల్ము ఉండదు పిన్నీ. డిజిటల్. ఎంత తీసినా అయిపోదు."

"నా ఓపికా అయిపోదురా. కూర్చుందాం. నీ జుట్టు నెరిసేదాకా తియ్యి."

ఇద్దరం అలాగే కూర్చున్నాం. బయట టీ గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది. నిర్మాత ఫోన్ చేస్తున్నట్టుంది, వాడి జేబు మోగి మోగి ఆగిపోయింది. ఇక వీడు నన్ను పొమ్మంటాడు, ఇంకో ముక్కుని తెచ్చుకుంటాడు అనుకున్నాను. పొమ్మంటే పోవడానికి సిద్ధంగానే ఉన్నాను. నవ్వడానికి మాత్రం సిద్ధంగా లేను.

వాడు లేచాడు. ఎవరినీ పిలవకుండా స్టూలు లాక్కుని ఎక్కి, గోడ మీది ఫోటోని తనే దించాడు. బరువుకి తూలాడు. దాన్ని గోడవైపు తిప్పి నిలబెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"సరే. నువ్వు పోలేదు. ఇంట్లోనే ఉన్నావు. మీ ఆయన ఎదుటి మేడ మీది అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ సంగతి నీకు చెప్పడానికి వస్తున్నాడు. కథంతా మళ్ళీ రాయాలి, నిర్మాత నన్ను చంపేస్తాడు, అది వేరే గొడవ. ఇప్పుడు చెప్పు, నువ్వేం చేస్తావ్?"

"నీకు చెప్తే రాసేసుకుంటావు" అన్నాను. "కెమెరా పెట్టు. చూపిస్తాను."